గొట్టం అన్నకి, కొయ్య తమ్ముడికి

నీ పంపకం అలా తగలడింది నాన్నా, ఇంకేం చెప్పను? తుపాకి గొట్టం పెద్దాడికన్నావు, కొయ్యా మీటా చిన్నాడికన్నావు, ఇత్తడి తూటాలూ మందు కూరే సామానూ నా ఒళ్ళో పెట్టావు. "ముగ్గురూ కలిస్తేనే పేలుతుంది, గుర్తుంచుకోండి" అని నవ్వావు కూడా. అంత జ్వరంలో నవ్వడమే గొప్ప, కాదనను. కానీ నీ తెలివి నీతోనే పోయింది. దాని బరువు మాత్రం నా నెత్తిన పడింది.

ఉండు, ఈ గడ్డి పీకనీ. నీ శిలువ కనపడకుండా కమ్మేసింది.

ఇవాళ చనిపోయినవాళ్ళ పండగ కదా, సాయంత్రం అందరూ కొవ్వొత్తులు పట్టుకుని వస్తారు. కొడుకులిద్దరూ, కోడళ్ళూ, వాళ్ళ వెనకే మసాతో కల్లు కుండా. తాగుతారు, నిన్ను తలుచుకుంటారు. ఆ గోలలో నేనేం మాట్లాడగలను? పోయినేడు అలాగే నోరు మూసుకుని ఇంటికెళ్ళాను. ఈసారి ఎండైతే అయిందని ముందే వచ్చాను.

నిన్ను పూడ్చిన మట్టి ఆరకముందే వాళ్ళిద్దరికీ చెడింది. దేనికనుకున్నావు? పంది తొడకి. అన్న తుపాకి బిగించుకుని వెళ్ళి అడవిపందిని తెచ్చాడు. తమ్ముడు ఎర్మెస్ వచ్చి, కొయ్య నాది కాబట్టి తొడ నాకు రావాలన్నాడు. "నీ కొయ్యతో బాది చంపానేంట్రా, గొట్టంతో కదా చంపింది?" అన్నాడు అన్న. "అయితే ఈసారి ఉత్త గొట్టం భుజానికి ఆనించుకుని కాల్చుకో" అన్నాడు వీడు. ఆ పూటే విడదీసుకున్నారు. తుపాకినీ, ఇళ్ళనీ కూడా.

నీకు తెలుసుగా మన వరస. నది ఒడ్డున ఇటు అన్న ఇల్లు, అటు తమ్ముడి ఇల్లు, నడుమ నాది. ఇటు వాకిట్లో కూర్చుంటే అటు వాళ్ళకి కోపం, అటు కూర్చుంటే ఇటు వాళ్ళకి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఎక్కడ కూర్చోను, నదిలోనా?

అన్న గొట్టాన్ని చూరుకి వేలాడదీశాడు. దెల్మీర వదిన దానిమీద బట్టలారేసేది. నిజం నాన్నా, నీ పదహారు బోరు మీద పిల్లల లాగులు. ఎర్మెస్ కొయ్యని ఇంటికింద కోళ్ళ దగ్గర పడేశాడు. చెదలు తిన్నంత తిని వదిలేశాయి.

ఆ ఏడు నీరు ముంచి పోయింది, చేపలూ ఎటో పోయాయి. ఇంటి వెనక అడవి నిండా మాంసం నడుస్తోంది, మేమేమో ఉప్పు నంజుకుని ఫరీన్యా పిండి బుక్కుతున్నాం. పందుల మంద మన కర్రపెండలం తోటలోకే వచ్చి దుంపలు పెళ్ళగించుకుని తినిపోతే, ఇద్దరు మగాళ్ళూ కర్రలు పట్టుకుని ఎవరి హద్దులో వాళ్ళు అరుస్తూ నిలబడ్డారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇక లాభం లేదనుకున్నాను.

"వదినా, బట్టలకి మంచి తాడు ఇస్తాను, ఆ గొట్టం ఇటియ్యి" అన్నాను. ఇచ్చింది. ఎర్మెస్ దగ్గరికెళ్ళి "అన్న ఎప్పుడో ఇచ్చేశాడు, నీదే ఆలస్యం" అన్నాను, మీటా అదీ ఇచ్చాడు. అన్నతోనూ ఆ మాటే అన్నాను, అటుది ఇటు మార్చి. ఈమాత్రం అబద్ధం నీ కూతురికి చేతకాదా?

గొట్టంలోంచి సూర్యుడివైపు చూస్తే వెలుతురే లేదు. లోపల కందిరీగలు మట్టిగూడు కట్టాయి. కిరసనాయిలు పోసి నానబెట్టి, కర్రకి గుడ్డ చుట్టి బూడిదతో తోమాను. తోమగా తోమగా ఎర్రనీళ్ళు వచ్చాయి, తర్వాత నల్లనీళ్ళు, చివరికి అవతలి కొసన నది కనపడింది. గుండ్రంగా, బుల్లిగా, మెరుస్తూ. తుప్పు తిన్నచోట మాత్రం మశూచి మచ్చల్లా గుంటలు మిగిలాయి. వాటినేం చేయగలం?

చెదలు తిన్న కొయ్యకి బదులు మొయెనా దుంగ తెచ్చి కత్తితో చెక్కాను. గాజుపెంకుతో గీకి నునుపు చేశాను. నీ పాతదాని అంత అందంగా లేదులే, కాస్త వంకర. తూటా అడుగున పేలే టోపీని కొట్టే సూది అరిగిపోతే, రెకేన పట్నంలో పడవ మోటార్లు బాగుచేసే దోన్ కాస్తులో అనే ఆయన కొత్తది సానబట్టి ఇచ్చాడు.

మందు కూరడం నాకు కొత్తా? నా చేతులు తూటాలో దూరేంత చిన్నగా ఉన్నప్పటి నుంచీ కూరించావు. అడుగున టోపీ, మీద మందు, అట్టబిళ్ళ, సీసపు రవ్వలు, మళ్ళీ అట్టబిళ్ళ, పైన మైనం. "ముసలి తుపాకికి కడుపునిండా పెట్టకే, రెమీ, అరగదు" అనేవాడివి. అలాగే కూరాను. మొదటిసారి తుపాకిని మోడుకి కట్టి, దూరంగా నిలబడి తాడుతో మీట లాగాను.

నీ చప్పుడే నాన్నా. అచ్చం అదే.

ఇటు నుంచి అన్న బయటికొచ్చాడు, అటు నుంచి తమ్ముడు. ఇద్దరూ తుపాకిని తడిమారు. అన్న ముక్కు చీదుకున్నాడు, ఎర్మెస్ వేరేవైపు తిరిగాడు. నేనూ ఏడ్చాను. ఎంత పిచ్చిదాన్నో చూడు, పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు కదా మొదలైంది.

ఒక వారం అన్నది, ఒక వారం తమ్ముడిది అని ఒప్పందం చేసుకున్నారు. బాగానే ఉంది. మందు ఎవరు కూరాలి? దెల్మీరకి నేర్పిస్తానంటే ఎర్మెస్ ఒప్పుకోడు, ఆవిడ కూరింది నేను ముట్టనంటాడు. తమ్ముడి పెళ్ళాం నేరిదకి నేర్పిస్తానంటే అన్న ఒప్పుకోడు. నా చేతిదైతే ఇద్దరూ కళ్ళు మూసుకుని పెట్టుకుంటారు. నమ్మకం సంపాదించుకోవే అని చెప్పేవాడివి. సంపాదించాను. దానితోనే కట్టేశారు నన్ను.

అంత నమ్మకమా అంటే, గురి తప్పితే తప్పు నాదే. "నాకెందుకు తక్కువ మందు పోస్తావు?" అని అన్న. "పెద్దాడంటే నీకు ముందు నుంచీ ప్రేమలే" అని తమ్ముడు. వేటలో మహాస్ జంతువు పడిన రోజున మాత్రం వాళ్ళ గురి గొప్పది. ఆ రోజు నా పేరు ఎవరూ ఎత్తరు, చిన్న తునక పంపిస్తారు, అంతే.

నీకు అబ్దియాస్ సంగతి చెప్పలేదు కదూ. సిగ్గేసి చెప్పలేదు.

ఉప్పూ సబ్బూ పడవలో వేసుకుని తిరుగుతాడు. టోపీలూ మందూ రవ్వలూ నాకు తెచ్చిపెట్టేది అతనే. పెళ్ళాం పోయిన మనిషి. బట్టతల, అయినా నవ్వితే బాగుంటాడు. రేవులో దిగి "ఈ ఊళ్ళో మందుగుండు కొనే ఆడమనిషివి నువ్వొక్కదానివే, నీతో జాగ్రత్తగా ఉండాలి" అనేవాడు. తర్వాత్తర్వాత సరుకు అమ్ముడుపోయినా పడవ తియ్యకుండా కూర్చునేవాడు. ఒకరోజు, రెకేన రేవులో అన్నం దుకాణం పెడదామనుకుంటున్నాను, వండేవాళ్ళు లేరు, అన్నాడు. నాకు అర్థమైంది. నలభై దాటినదాన్ని, ఇంతకంటే తేటగా ఎవరడుగుతారు?

ఇంట్లో చెప్పాను. అన్న అల్లుతున్న వల పక్కన పెట్టాడు. తర్వాత "తూటాలు ఎవరు కూరతారు?" అన్నాడు. అదీ అన్న అడిగింది. వాడు మంచోడా, తాగుతాడా, నిన్ను బాగా చూసుకుంటాడా, ఏమీ లేదు. ఎర్మెస్ అయితే మండిపడ్డాడు. "వెళ్ళక్కా, వెళ్ళు. మాకు చేతుల్లేవనుకున్నావా? ఇన్నాళ్ళూ నువ్వు పిసినారిగా పోసిన మందు, నేను పోసుకుంటాను" అన్నాడు. పోసుకోరా అన్నాను. కొలిచే గిన్నె కూడా వాడి చేతిలో పెట్టాను. చూపించాను, ఇదిగో, ఈ గీత దాకానే అని. వాడు వింటేగా.

అబ్దియాస్ పడవ వచ్చిన పొద్దున మూట కట్టుకుని రేవులోకి వెళ్ళాను. కొత్త లంగా కట్టుకున్నాను. దెల్మీర వదిన ఒక్కతే వచ్చి సాగనంపింది, ఉడకేసిన అరటికాయలు ఆకులో చుట్టి ఇచ్చింది. ఒక కాలు పడవలో పెట్టాను.

తోటవైపు నుంచి వినపడింది.

నా తూటా కాదది. నా తూటా చప్పుడు నాకు తెలియదా? ఇది లావుగా, పగిలినట్టు వచ్చింది. పిట్టలన్నీ లేచిపోయాయి. గొట్టం చీలిందని ఆ క్షణమే తెలిసిపోయింది నాకు.

ఇప్పుడు చెప్పబోయేది నీకు తప్ప ఎవరికీ చెప్పను నాన్నా. చీలిందని తెలియగానే, తమ్ముడు బతికున్నాడా అని రాలేదు నా మనసులోకి. తుపాకి పోయింది, ఇక కూరక్కర్లేదు, అని వచ్చింది. చన్నీళ్ళు తాగినంత హాయిగా వచ్చింది. ఆ హాయితో అక్కడే నిలబడ్డాను, ఒక కాలు పడవలో, ఒక కాలు బురదలో. నేరిద కేక వినపడేదాకా కదల్లేదు. ఎంతసేపో నాకు తెలియదు. అబ్దియాస్‌కి తెలుసు, నన్నే చూస్తున్నాడు. ఆ తర్వాత పరుగెత్తాను. అంత పరుగు నా జన్మలో పెట్టలేదు.

ఎర్మెస్‌కి బొటనవేలూ దాని పక్క వేలూ పోయాయి. కళ్ళు దక్కాయి, ముఖమంతా మందు మచ్చలు. ఆ పడవలోనే రెకేన ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నా కొత్త లంగా చింపి వాడి చెయ్యి కట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పెళ్ళికూతురిలా వెళ్ళాల్సిన దారి అది. అబ్దియాస్ మోటారు ఆపకుండా నడిపాడు. తమ్ముడేమో దారంతా "నువ్వు చెప్పిన గీతే అక్కా, గీత దాటలేదు" అంటూనే ఉన్నాడు. చంటిపిల్లాడు బుకాయించినట్టు. ఏమంటాను? అవున్రా అన్నాను.

చెయ్యి మానేదాకా ఉంటానని అబ్దియాస్‌కి చెప్పాను. సరే అన్నాడు. చెయ్యి మానింది.

మొన్న అన్న వచ్చాడు. చేతిలో గొట్టం. పదహారు బోరే, కింది ఊళ్ళో ఎవడి దగ్గరో ఉంటే, తన పడవ మోటారు ఇచ్చేసి తెచ్చాడు. ఇప్పుడు తెడ్డు వేసుకుంటున్నాడు ఆ వయసులో. అన్న వెనకే ఎర్మెస్ వచ్చాడు, కొయ్యని చంకలో పెట్టుకుని. పగిలినచోట తీగ చుట్టి బిగించాడు, మిగిలిన వేళ్ళతోనే. "ఎడమచేత్తో కాల్చడం నేర్చుకుంటున్నాను అక్కా" అన్నాడు. ఇద్దరూ నా చాపమీదే పక్కపక్కన కూర్చున్నారు. ఎన్నేళ్ళకి కూర్చున్నారో. నువ్వు కోరుకున్నది అదే కదా, చూసుకో మరి.

అన్న గొట్టం నా ఒళ్ళో పెట్టి "ఇకమీదట నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దీన్ని ముట్టదు రెమీ, అమ్మ మీద ఒట్టు" అని ఏడ్చాడు. నీ పెద్దకొడుకు నాన్నా, నువ్వు పోయిన రోజున కూడా ఏడవనివాడు. తమ్ముడు తల దించుకుని కూర్చున్నాడు. వాకిట్లో రెండిళ్ళ పిల్లలూ కలిసి ఆడుకుంటున్నారు.

శనివారం పడవ వస్తుంది. వద్దు, నేను వెళ్ళిపోతున్నాను అని చెప్పడానికే నోరు తెరిచాను, నీమీద ఒట్టు.

"గొట్టం సరే, టోపీలు తెచ్చావా?" అని వచ్చింది నోట్లోంచి.