పన్నెండేండ్ల తోట

మిర్యాలగూడ దగ్గర నాలుగేళ్ల జామాయిల్ తోట. రేపు నరకాలి. గట్టు మీద గౌరయ్య, ఆయన భార్య బుచ్చమ్మ, కార్బన్ క్రెడిట్ల కాగితాలతో కోదాడ నుంచి వచ్చిన సుమతి.

“...ఇంకో పన్నెండేండ్లంటే నాకు డెబ్బై తొమ్మిదొస్తయమ్మా. ఆడిదాంక ఎవరు సూసొచ్చిండ్రు?”

“మీరేం చెయ్యక్కర్లేదు తాతా. పన్నెండేళ్లు నరకకుండా ఉంచడమే. చెట్టు గాలిలోని కార్బన్‌ను పీల్చి కట్టెలో దాచుకుంటుంది. ఎన్నేళ్లు నిలిస్తే అంత. దానికే క్రెడిట్లు, అంటే ఏటా డబ్బు.”

“పొద్దుగాల కట్టె కొనే కిష్ట్యా మనుషులు రంపాలు పట్టుకొని వస్తున్నరు. మాటిచ్చిన.”

“కిష్ట్యాకు నేను చెప్పుకుంట.”

“నువ్వు ఊకో బుచ్చమ్మా.”

“ఊకున్న. నాలుగేండ్ల సంది ఊకనే ఉన్న. సుమతమ్మా, ఏటేటా ఏందో కొలవాలంటివి?”

“అవునమ్మమ్మా. ప్రతి జనవరిలో చెట్టుకు ఛాతీ ఎత్తున టేపు చుట్టాలి. టేపు రైతే పట్టుకోవాలి. ఫోటో తీస్తాం.”

“నేను లేకపోతే?”

“నామినీ పట్టుకోవచ్చు తాతా.”

“ఇంకేంది మరి! బుచ్చమ్మ పేరు రాయి. సంతకం పెడ్త, పని అయిపోతది.”

“రాయకు.”

“ఏందే?”

“రాయకమ్మా. ముందు ఈయన్ని ఒకటడగనియ్యి. బర్లనెందుకమ్మినవ్?”

“పాలు పిండ సాతనైతలేదు.”

“బోరు మోటరు పక్క చేను నరేష్‌కెందుకిచ్చినవ్?”

“జామాయిల్‌కు నీళ్లెందుకే?”

“కండ్లద్దాలు పగిలి ఏడాదాయె. మొదలు తోట నరికినంక కొత్తయి కొంటనన్నవ్. ఇప్పుడు అదీ అంటలేవ్.”

“యాష్టకొచ్చింది, ఇసుగు పుట్టింది. అంతే.”

“తోట నరికినంక ఏం చేస్తవ్?”

“ఏముంటది చేసేందుకు?”

“అదే అడుగుతున్న. ఏం లేదంటే ఏంది?”

“అమ్మమ్మా, నేను రోడ్డు మీద బండి దగ్గరుంటాను...”

“ఉండు బిడ్డా, ఇను. నలభై ఐదేండ్ల కాపురం. ఈయన మనసు నాకు తెల్వదా? ఈ మొక్కలు పెట్టిన నాడే అనుకున్నడు, ఇవి నరికిన్నాడు తానూ ఖతం అని.”

“పరాయి పిల్ల ముందల ఏం మాటలే అవి!”

“అబద్ధమను.”

“ఇంటికి పోదాం నడువ్.”

“అను.”

“అలసిపోయిన బుచ్చమ్మా. తెల్లారిందంటే భయమైతాంది. ఇంకో రోజు ఎందుకొచ్చిందా అని.”

“అలసిపో. కూసో. పండుకో. ఇంటి పని, బయటి పని నేను చేస్త. గని టేపు మాత్రం నేను పట్ట. నామినీ కాడ నా పేరు వద్దు. ఎవరి పేరూ వద్దు.”

“ఖాళీగా ఉంటే ఫారం తీసుకోరు అమ్మమ్మా.”

“అయితే ఈయన పేరే రాయి. రైతు గౌరయ్య. నామినీ గౌరయ్య.”

“అట్ల ఎవరన్న రాస్తరా, పిచ్చిదానా?”

“నేను రాయిస్త.”

“పన్నెండేండ్లు ఇడిసిపెట్టవన్నట్టు.”

“ఇడిసిపెట్ట.”

“...చెయ్యియ్యి.”

“ఎందుకు?”

“లేస్త. ఏ చెట్టు కాన్నుంచి కొలవాల్నో సూపియ్యమను ఆ పిల్లను.”