తోడుకోని పాలు

ఉయ్యూరు నుంచి బస్సులో స్టీలు గిన్నె ఒళ్లో పెట్టుకుని వచ్చిందావిడ. గవర్నర్‌పేటలో మందుల షాపతను షాపు తెరవగానే దాన్ని అతని బల్ల మీద పెట్టింది.

"మూత తీసి చూడు బాబూ."

"పాలండీ."

"పెరుగు కావాల్సిన పాలు! రాత్రి గోరువెచ్చగా కాచి, నువ్వు అంటగట్టిన ప్రోబయాటిక్ క్యాప్సూల్ విప్పి తోడేశాను."

"అయ్యో, అది మింగేదండీ! తోడుకి పనికిరాదు."

"ఎందుకు పనికిరాదు? కోట్లకొద్దీ బతికున్న మంచి బ్యాక్టీరియా అన్నావుగా! గిన్నెడు పాలు తోడెయ్యలేనివి మా ఆయన కడుపునేం బాగుచేస్తాయి?"

"ఇది వేరే రకమండీ. పాలు తోడుకోకపోయినా లోపల పనిచేస్తుంది."

"నెల రోజులైనా ఉబ్బరం అలాగే ఉంది! పైగా పెరుగు మాన్పించావు. పెరుగన్నం తినందే కంచం ముందునుంచి లేవని మనిషి, నీ మాట పట్టుకుని చారన్నంతో చెయ్యి కడిగేసుకుంటున్నారు. పెరుగు మానమని ఏ డాక్టరుగారు చెప్పారు నీకు?"

"మందు తెచ్చిన కంపెనీవాళ్లు చెప్పారండీ."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. అంతలో అతని వెనక అలమరలో భోజనం క్యారేజీ కనిపించింది.

"నీ క్యారేజీ అడుగు గిన్నెలో ఏముంది?"

అతను క్యారేజీని మందుపెట్టెల వెనక్కి జరిపాడు.

"నిన్నే అడిగేది!"

"పెరుగన్నమండీ."

"ఆ పెరుగు దేంతో తోడేశారు?"

"మజ్జిగ చుక్కతోనండీ."