తొడుగులో ఎవరి చెయ్యి

నందిగామలో ఫిజియోథెరపీ గది. పక్షవాతంతో కుడిచెయ్యీ మాటా రెండూ పడిపోయిన ప్రేమదాసు వరండాలో బెంచీ మీద ఉన్నాడు. లోపల అతని భార్య రత్నమణి, ఫోన్ చూస్తున్న థెరపిస్టు జాకియా ఎదురుగా కూర్చుంది.

"అదే అడుగుతున్నా రత్నమణమ్మా. నా ముందు చెయ్యెత్తమంటే ఫోన్లో గీత కదల్లేదు. మీ ఇంట్లో మాత్రం అంతెత్తున లేస్తుందా?"

"మిమ్మల్ని చూస్తే ఆయనకి బెరుకండి, జాకియా మేడం."

"బెరుకైతే కాస్త తగ్గుద్ది. అసలు లేకుండా పోదు. ఆయన చేతికున్న తొడుగు గుడ్డలోనే సన్నతీగలు నేశారు. కండరం బిగిస్తేనే ఫోన్లో గీత లేచేది."

"గుడ్డేగా మేడం... తడిసిందేమో."

"తడిసిందా?"

"లేదు... ఏమో."

"సోమవారం నుంచి శనివారం దాకా పొద్దస్తమానం గీతలే. పడిపోయిన చెయ్యి ఇంత పని చేస్తే ఈపాటికి ట్రాక్టర్ తోలాలిగా. తొడుగు ఎవరేసుకున్నారు?"

"ఆయనే."

"రత్నమణమ్మా."

"ఆయనే అంటున్నాగా!"

"సరే, ఆయన్నే అడుగుదాం. తలూపితే చాలు."

"ఒద్దు మేడం, ఒద్దు! మీకు దణ్ణం పెడతా. నేనే. పత్తి తీసేటప్పుడు నేనేసుకున్నా."

"ఎందుకమ్మా?"

"గీత రాకపోతే తొడుగు తీసేసి ఇంకొకరికి ఇస్తామన్నారుగా. తీసేస్తే ఇక చెయ్యి రాదనేగా! అది తెలిస్తే ఆయన బతకడండి. ట్రాక్టర్ తోలిన చెయ్యి, చర్చిలో డోలక్ వాయించిన చెయ్యి."

"నీ గీతలు చూసి ఆయన చేతికి బరువు కట్టబోయా. భుజం జారితే ఎవరిది పాపం?"

"నాదేనండి."

"వెళ్ళి తొడుగు విప్పుకురా. దానికోసం వీరులపాడాయన ఎదురుచూస్తున్నాడు."

"...తెస్తా."

"ఆగు. ఈ చిన్న గీతలు కూడా నీవేనా?"

"ఏవండీ?"

"ఇవిగో. లేస్తున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. తాళం వేసినట్టు. ఆదివారం పొద్దున. పోయిన ఆదివారమూ ఇంతే."

"ఆదివారం పత్తికి పోనండి. చర్చిలో ఉంటా."

"మరి తొడుగు?"

"ఆయన చేతికే వేసి పోతా."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"ఎవరూ ఉండరు. ఆయనొక్కడే. చర్చి మైకు మా ఇంటిదాకా వినపడుద్ది... మేడం... పాటలన్నీ వినపడతయ్యి మేడం!"

"ఏడవకు. ఆయన్ని లోపలికి తీసుకురా. చెయ్యెత్తమని నేనడగను. నువ్వు పాట అందుకో."