బకెట్ తూకం

మధ్యాహ్న భోజనాలయ్యాక టీచర్ ఒక్కో తరగతి చెత్త బకెట్ తూచి, నేరుగా బడి వంటగదిలో వంటామె దగ్గరికి వచ్చింది.

"అక్కా, తిండి పారేస్తే భూమి వేడెక్కుతుందన్న పాఠం బాగానే ఎక్కింది. ఆరో తరగతి బకెట్లో ఒక్క మెతుకు లేదు! తక్కువ పారేసిన క్లాసుకిస్తానన్న బహుమతి వాళ్లకే."

"ఓసారి ఈ గిన్నె మూత తియ్యండి టీచరమ్మా."

టీచర్ మూత తీసింది. అన్నం సగానికి పైగా అలాగే ఉంది.

"ఇదేంటి? పిల్లలు తినలేదా?"

"పారేస్తే ఓడిపోతామని పెట్టించుకోవడమే మానేశారు. వారం నుంచీ ఇదే వరస."

"వారమా! నాకు చెప్పొద్దా అక్కా?"

"మీరే నేర్పించారనుకున్నానమ్మా."

"నిన్న ఆటల్లో కళ్లు తిరిగి పడిన పిల్ల..."

"క్లాస్ లీడరు కదా. అందరికంటే ముందు మానేసింది తనే."

టీచర్ గరిటె అందుకుంది.

"గంట కొట్టించక్కా. అందర్నీ మళ్లీ కూర్చోబెడదాం."