గొట్టంలో గడ్డ

మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో అక్కాతమ్ముళ్లు పక్కపక్కన కూర్చున్నారు. తమ్ముడు సముద్రం మీద చమురు బావి దగ్గర ఇంజనీరు. కుప్పంలో అక్క పక్కింటి మునిశేఖర్‌ను ఆ బావి దగ్గర పనిలో పెట్టించింది అతడే. ఇప్పుడు బావి గొట్టం మూసుకుపోయిందని వాడి ఉద్యోగం తీసేశారు.

“నూనె గొట్టంలో గడ్డ ఎట్ల కట్టిందప్పా? సలికా?”

“సలికి కాదక్కా. భూమి లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ తారులాంటి మడ్డి నూనెలోనే కలిసుంటాది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే విడిపోయి గట్టిపడతాది. గొట్టం మూసుకపోతాది.”

“ఒక్కసారిగా యాల తగ్గింది?”

“వాల్వు మరీ ఎక్కువ తెరిచినాడు మునిశేఖర్.”

“వానికే సరదా పుట్టిందా, ఎవురన్నా తెరవమన్నారా?”

తమ్ముడు కిటికీ వైపు తిరిగాడు. పుంగనూరు దాటిపోయింది.

“పెద్దసారు సూసేకి వస్తే, నూనె ఎక్కువ వచ్చినట్టు సూపిద్దామని నేనే...”

“ఆహా! మెప్పు నీకి, తప్పు వానికా? బలే సదివినావప్పా!”

“నిజం చెప్తే నా ఉద్యోగం పోతాదక్కా.”

“పోతే మా ఆవుల పేడ ఎత్తుదువులే. ఆడ తిప్పేదానికి వాల్వులేం లేవు.”

అతడు ఫోన్ తీసి పెద్దసారుకు కలిపాడు. “సార్, తెరవమన్నది నేనే” అన్నాడు. అవతలి మాటలు వింటుంటే అతడి చెవులు ఎర్రబడటం ఆమె చూసింది.

“ఏమన్నాడు?”

“వాన్ని తిరిగి పనికి రమ్మన్నాడు. నన్ను రావద్దన్నాడు.”

“ఆ మాట వానికి నువ్వే చెప్పు. కుప్పం బస్టాండుకు వస్తాండాడు, పాపం, నీ పెట్టె మోసేకి.”