గెట్టు మీది మట్టి

కోరుట్ల నుంచి వేములవాడ వెళ్లే బస్సులో నా ముందు సీట్లో తండ్రీ కూతురూ కూర్చున్నారు. ఆ అమ్మాయి ఒళ్లో ఖాళీ సీసాల సంచీ ఉంది.

“బాపూ, రేపు మా సార్లు అచ్చేది మన చౌడు మట్టి కోసమే.”

“మొన్న తీస్కపోయినవు గదా బిడ్డా?”

“గా మట్టిల కొత్త బ్యాక్టీరియా దొరికింది. ఉప్పుల్నే బతుకుతది. ల్యాబుల ఫ్రిజ్ ఖరాబై అది చచ్చిపోయింది. బతికున్నది రెండు దేశాల ల్యాబులకు పంపితెనే కొత్త జాతి అని ఒప్పుకుంటరు. గందుకే మళ్ల మట్టి తియ్యాలె.”

“పెద్ద సార్లు అస్తున్నరంటివి. పొలమంత తెల్లగ ఉప్పు తేలి ఉంటె నీ ఇజ్జత్ పోతదని, పైమట్టి గీకించి చెరువు మట్టి పోయించిన.”

“చుట్టాలు అస్తున్నరని ఇల్లు అలికినట్టు అలికినవా బాపూ?”

“ఇప్పుడు మంచిగ కనవడుతుంది.”

“గీకిన మట్టి ఏడ పోసినవు?”

“మా అన్న పొలం గెట్టు మీద. మీ పెద్దబాపు పొద్దటి సంది తిడుతుండు.”

“తిట్టనీ. వాన పడి ఉప్పు కొట్టుకపోలేదు గదా?”

“చినుకు లేదు.”

“బతికిపోయినం. దాన్ని ముట్టొద్దని ఫోన్ చెయ్యి.”

“నేను చేస్తె ఎత్తడు. నువ్వే చెయ్యి.”

ఆమె ఫోన్ చేసింది.

“పెద్దబాపూ, గా మట్టి తియ్యకు. దాంట్ల లోకంల ఇంకెక్కడ దొరకని జీవి ఉన్నది. ఆ… ఆ… సరే.”

“ఏమంటుండు?”

“టార్పాలిన్ కప్పి కావలి కూసుంటడట. తన గెట్టు మీదున్నది గాబట్టి దానికి తన పేరే పెట్టాలెనట.”