చెత్తబుట్టలో అత్తగారి గొంతు

హలో… ఆ, నేనే. మీ బావని.

…గుసగుసలెందుకంటే, మీ అమ్మ నా నెత్తి మీదే నిలబడి ఉంది కాబట్టి.

…బాగానే ఉంది. నిన్నే ఆస్పత్రి నుంచి తెచ్చాం. గొంతు ఆపరేషనయ్యాక ఇక మాట రాదన్నారు గానీ, తిట్టడం మానెయ్యమని ఎవరూ చెప్పలేదుగా. పలక మీద రాసి మరీ తిడుతోంది. పంతులమ్మ కదా, తిట్లు కూడా గుండ్రంగా రాస్తుంది.

…అది కాదు, విను. పాత కంప్యూటర్‌లోవన్నీ ఆవిడ కొత్తదాంట్లోకి ఎక్కించాను, నువ్వు చెప్పినట్టే. ఫోటోలు, పెన్షన్ కాగితాలు, పాటలు… అన్నీ. పొద్దున ఆవిడ దాని ముందు కూర్చుంది. తెర మీది చెత్తబుట్ట తెరిచింది. ఖాళీ. పలక మీద ఏం రాసిందో తెలుసా? "నా గొంతు ఏది?"

…నాకూ ముందు అర్థం కాలేదు.

…చెప్పనిస్తేగా. ఆపరేషన్‌కి ముందు గదిలో తలుపేసుకుని, తన మాటలన్నీ రికార్డు చేసుకుందట. మీట నొక్కితే పలికేలా. మనిషికో ఫోల్డరు— నీకు, అక్కకి, నాకు. నాదే పెద్దదట.

…దాచింది ఆ చెత్తబుట్టలోనేరా. మీ అమ్మ బీరువా తాళాలు ఎక్కడ పెడుతుంది? …ఆ, చీపురు వెనక. ఏ దొంగవెధవా చెత్త జోలికి పోడని. ఇదీ అంతే.

…నన్నంటావేం? "బుట్ట వదిలెయ్ బావా, అది రాదు" అన్నది నువ్వేగా.

…ఏడవకు. నాకు మాత్రం బాగుందా? ఈవిడ నోరు ఒక్కపూట మూతపడితే చాలని మొక్కుకున్నవాణ్ణి. నిన్నట్నుంచి ఇల్లు మూగబోయింది. అన్నం సహించట్లేదు నాకు. …మీ అక్కతో అనకు, పరువు పోతుంది.

…పాతదా? తుడిచేసి పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యమన్నావు. రెండుసార్లు. …అవును, "సరే" అన్నాను. రెండుసార్లూ.

…చెయ్యలేదు. …బద్ధకం, ఇంకెందుకు.

…బాల్కనీ నుంచి మోసుకొచ్చా. వైరు పెట్టా. …వెలగట్లేదు. …మళ్లీ నొక్కా. …అత్తయ్యా, దాన్ని కొట్టకండి, అది నేను కాదు.

…ఆగు. మూలుగుతోంది. …వెలిగిందిరా.

…బుట్ట తెరిచా. ఉన్నాయి. …"తుడిచెయ్యమంటారా" అని అడుగుతోంది. …వద్దు వద్దు, నొక్కలేదు, బాణం అటు జారింది అంతే. …కుడి మీటా? …"రీస్టోర్"… ఆ. బయటికొచ్చాయి. పెన్‌డ్రైవ్‌లోకి… నత్తలా పాకుతోంది. …మీ అమ్మా? నా భుజం పట్టుకుని నిలబడింది. …నొప్పిగానే ఉంది. పట్టుకోనీ.

…కొత్తదాంట్లోకి ఎక్కాయి. నన్ను లేపి తను కూర్చుంది. ముగ్గురివీ ఉండగా ముందు నా ఫోల్డరే తెరిచింది చూడు.

…వినబడిందా?

…"అల్లుడుగారూ, ఒక్క పని రెండుసార్లు చెబితే గానీ మీ ఒళ్లు వంగదా?" అంట.

…నవ్వకు. రెండుసార్లు చెప్పినా వంగలేదు కాబట్టే ఆ మాట బతికింది. …అదే అంటున్నా అత్తయ్యా, పలక దించండి.

…ముక్కు తుడుచుకోరా. …నాది జలుబు.

…ఉండు, ఇప్పుడు నీ ఫోల్డరు తెరుస్తోంది. ఫోను స్పీకర్ పక్కన పెడుతున్నా. మధ్యలో మాట్లాడకు… మీ అమ్మ మాట్లాడుతోంది.